మొలతాడుకు కట్టిన బీగంచెవి: ఒక కేస్ స్టడీ

రెండేళ్ల కిందట కార్తీక మాసంలో, చిత్తూరు దగ్గర ఒక పల్లె నుంచి రిటైరైన టీచర్ ఒకాయన తిరుపతిలో నా వర్క్‌రూమ్‌కి వచ్చారు. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. మూత తీస్తే లోపల పాత పంచె గుడ్డలో చుట్టిన మూడు వస్తువులు కనిపించాయి. ఒకటి చేతి వాచీ. ఒకటి అట్టలా గట్టిపడిపోయిన చిన్న తోలు పర్సు. మూడోది నల్లటి మొలతాడు ముక్క, దానికి కట్టిన ఇనుప బీగంచెవి.

"మా తాత ఓడ మునిగి బతికొచ్చినాడు సార్. ఈ వాచీ ఆ సముద్రంలోనే ఆగిపోయింది. దీన్ని శుభ్రం చేసి గాజుపెట్టెలో పెట్టిస్తే ఇంట్లో పటాల పక్కన పెట్టుకుంటాం" అన్నారు.

ఆయన చూపంతా వాచీ మీదే. మిగతా రెండూ అదే గుడ్డలో ఉన్నాయి కాబట్టి దాంతోపాటు వచ్చాయి. లేచి వెళ్తూ, "ఆ బీగంచెవి ఏ పెట్టెదో తెలీదు సార్, ఇంట్లో ఉండే పెట్టెలన్నిటికీ పెట్టి చూసినాం" అన్నారు. ఈ కేసు రాయాలనిపించింది ఆ మాట వల్లే.

నా పని పాత వస్తువులను పాడైపోకుండా నిలబెట్టడం. తిరుపతిలో ఉంటాను కాబట్టి ఎక్కువగా తాళపత్రాలు, దస్తావేజులు, పూజ సామాన్లు వస్తాయి. లోహం మీద రాసింది వందల ఏళ్లు నిలుస్తుందని అన్నమయ్య రాగిరేకులను ఎరిగిన ఈ ఊరివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే సముద్రంలో తడిసి వచ్చిన వస్తువు నా బల్ల మీదికి రావడం అదే మొదటిసారి. పని ఐదు నెలలు పట్టింది.

ఓడ సంగతి

ఇంట్లో చెప్పుకునే కథ ఇలా ఉంది. తాత పుట్టింది డర్బన్ దగ్గర. ఆయన పెద్దలు చెరకు తోటల్లో పనికి ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లు. పెళ్లి చేసుకోవడానికి సొంతూరికి వచ్చాడు. ఒక బిడ్డ పుట్టాక, ముందు తాను వెళ్లి తర్వాత భార్యాబిడ్డలను పిలిపించుకుందామని 1942లో బయలుదేరాడు. రేణిగుంటలో బొంబాయి రైలెక్కి, అక్కడ తిలావా అనే ఓడ ఎక్కాడు. మూడు రోజులకే ఓడ మునిగింది. తిరిగి వచ్చినవాడు మళ్లీ ఊరు దాటలేదు.

ఈ కథలో చరిత్రకు సరితూగే భాగం చాలానే ఉంది. మద్రాసు నుంచి కూలీలతో వెళ్లిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాత 1911 దాకా ఓడలు వెళుతూనే ఉన్నాయి. మన చిత్తూరు ప్రాంతం కలిసి ఉన్న అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి చాలామంది ఆ ఓడలెక్కారు. దక్షిణాఫ్రికాలో 1913 చట్టం వచ్చాక కొత్తవాళ్లకు దారి దాదాపు మూసుకుపోయింది. అక్కడే స్థిరపడినవాళ్లు మాత్రం కాగితాలు చూపించి తిరిగి వెళ్లగలిగేవాళ్లు.

తిలావా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడ, 1924లో కట్టింది. 1942 నవంబరు 20న బొంబాయి నుంచి మొంబాసా, డర్బన్‌ల వైపు బయలుదేరింది. 23వ తేదీ తెల్లవారకముందే జపాన్ జలాంతర్గామి ఐ-29 దాన్ని టార్పెడోతో కొట్టింది. ఓడలో 958 మంది ఉన్నారు. మొదటి దెబ్బకు ఓడ వెంటనే మునగలేదు. పడవల్లోకి దిగినవాళ్లలో కొందరు ఇక ప్రమాదం తప్పిందనుకుని మళ్లీ ఓడెక్కారు. అప్పుడు రెండో టార్పెడో తగిలింది. 280 మంది చనిపోయారు. 25న బ్రిటిష్ యుద్ధనౌక బర్మింగ్‌హామ్ 674 మందిని నీళ్లలోంచి, తెప్పల మీది నుంచి ఎక్కించుకుని 27న బొంబాయి చేర్చింది. ఇంకో నలుగురిని కార్తేజ్ అనే ఓడ కాపాడింది.

అంటే మన మనిషి బతికి ఉంటే రెండు రోజులు సముద్రం మీద ఉండి ఉండాలి. అట్లా బతికినవాడి దగ్గర ఒంటిని అంటిపెట్టుకుని ఉన్నవే మిగులుతాయి. ఒక వస్తువు ఆ ఓడలో ఉన్నదా కాదా అని చూసేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న అందుకే ఒకటే: ఇది ఒంటి మీద ఎక్కడ ఉండేది?

వాచీ

వాచీ ముల్లు నాలుగూ పది దగ్గర ఆగి ఉంది. ఓడ తెల్లవారుజామున దెబ్బతిన్నదని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఆ నాలుగూ పదే వాళ్లకు సాక్ష్యం. టైటానిక్ మృతుల దగ్గర దొరికిన, నీళ్లు చేరి ఆగిపోయిన గడియారాల ఫోటోలు చూసినవాళ్లకు ఇది కూడా అట్లాంటిదే అనిపించడం సహజం.

డయల్ మసకబారి కంపెనీ పేరు చదవడానికి రాలేదు. వాచీల విషయంలో నా చేయి అంత నమ్మదగింది కాదు. అందుకని ముప్పై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వెనక మూత తిప్పగానే లోపలి పళ్లచక్రాలన్నీ మెరుస్తూ కనిపించాయి. నూనె ఎండిపోయి గోధుమరంగు జిగురైంది, స్ప్రింగు విరిగింది. తుప్పు చుక్క కూడా లేదు. నీళ్లు దూరని రకం కాని వాచీ రెండు రోజులు ఉప్పునీటిలో నానితే లోపలి ఉక్కు భాగాలన్నీ ఒకే ముద్ద అయిపోవాలి. ఆ పెద్దాయన భూతద్దం కంటికి పెట్టుకుని యంత్రం మీది ముద్ర చదివి, మాట్లాడకుండా భూతద్దం నా చేతికిచ్చారు. హెచ్‌ఎంటీ. బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ 1961లో మొదలైంది.

ఆ సాయంత్రం టీచర్ గారికి ఫోన్ చేయాలంటే నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. చిన్నప్పటి నుంచి ఆ వాచీని చూసి పెరిగిన మనిషి. ఫోన్‌లో చెప్పడం తప్పనిపించి, మరుసటి ఆదివారం రమ్మని కబురు పెట్టాను. వాచీ తెరిచి ముద్ర ఆయననే చదవమన్నాను. చదివారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే మా ఇంట్లో చెప్పిందంతా అబద్ధమేనా?" అన్నారు.

కాదని చెప్పాను. వాచీ 1961 కంటే ముందుది కాదు, అంతవరకే మనకు తెలిసింది. ఓడ గురించి వాచీ ఏమీ చెప్పలేదు, అవుననీ కాదనీ. వాచీ చెప్పలేనంత మాత్రాన మనిషి అబద్ధం చెప్పినట్టు కాదు. ఇంకా రెండు వస్తువులున్నాయి, ఆగుదామన్నాను. ఈ పనిలో చేయితిరిగినవాళ్లు కూడా తరచూ జారేది ఇక్కడే. ఇంటివాళ్లు ముందుకు నెట్టిన వస్తువు కథకు సరిపోలకపోతే కథనే పక్కన పెట్టేస్తారు. పక్కన పడి ఉన్న మామూలు వస్తువును ఎవరూ చూడరు.

ఉప్పు ఎక్కడిది?

పర్సు ముందుగా పట్టాను. తోలుకు ఒక గుణం ఉంది. పచ్చితోలును పదును చేసేటప్పుడు అందులోకి దిగే టానిన్ సూక్ష్మజీవులకు గిట్టదు. టైటానిక్ శిథిలాల దగ్గర దాదాపు 3,800 మీటర్ల లోతున దొరికిన తోలు సంచుల్లో ఉత్తరాలు, బట్టలు, కరెన్సీ నోట్లు చదవగలిగే స్థితిలో ఉండటానికి కారణం అదే. ఆ ఓడలో ప్రయాణించిన మాంచెస్టర్ సుగంధాల తయారీదారు అడాల్ఫ్ సాల్‌ఫెల్డ్ నమూనా సీసాలు కూడా 2000లో ఒక తోలు సంచిలోనే పైకి వచ్చాయి. కొన్ని సీసాల్లో వాసన ఇంకా ఉంది. మన పర్సు అంత లోతుకు పోలేదు. అయినా లోపల ఏదైనా ఉంటే నిలిచి ఉండే వీలుందని ఆశ కలిగింది.

పర్సు మడతలో తడి దూదితో అద్ది, ఆ నీటిలో కొంచెం నైట్రిక్ ఆమ్లం, తర్వాత ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేస్తే, ఉప్పుంటే నీళ్లు పాలలా విరుగుతాయి. నేను మొదటిసారి చేసినప్పుడు చిక్కగా విరిగింది. సంతోషపడబోయి, అలవాటు ప్రకారం దూది ముంచని ఉత్త నీటితో కూడా చేశాను. అదీ కొంచెం మసకబారింది. దగ్గర్లోని షాపులో బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి వాడాను. అందులోనే ఉప్పుంది. ఆ రోజు ఫలితాలన్నీ కొట్టేసి, ల్యాబ్ నీళ్లు తెప్పించి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఉత్త నీళ్లు తేటగా నిలిచాయి, పర్సు నీళ్లు తెల్లగా విరిగాయి. లోపలి మడతల్లో మరీ ఎక్కువగా.

ఇది సముద్రమేనా? ఇక్కడ నోరు అదుపులో పెట్టుకోవాలి. చెమటలో కూడా ఉప్పే ఉంటుంది. నడుముకు కట్టుకున్న పర్సులో చెమట ఉప్పు లేకపోతేనే ఆశ్చర్యం. చర్మానికి తగిలే వెనకవైపు కంటే, మడతల లోలోపల ఎక్కువ ఉండటం ఒక్కటే తేడా. చెమట బయటి నుంచి లోపలికి పోతుంది, లోపలికి పోయేకొద్దీ తగ్గాలి. ఇక్కడ తలకిందులుగా ఉంది. పర్సు మొత్తం ఉప్పునీటిలో నాని, లోపల ఆలస్యంగా ఆరితే ఇట్లా ఉంటుంది. నివేదికలో "ఉప్పునీటిలో నానినట్టు ఉంది" అని రాశాను. "తిలావాలో తడిసింది" అని రాయలేదు, రాయకూడదు కూడా.

టైటానిక్ సంగీత బృంద నాయకుడు వాలెస్ హార్ట్‌లీ వయొలిన్ విషయంలో ఏం జరిగిందో తెలిస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. అది ఒక ఇంటి అటక మీద దొరికింది. పెళ్లి నిశ్చయమైన సందర్భంగా మరియా ఇచ్చిన కానుక అని వెండి రేకు మీద చెక్కి ఉంది. అంత స్పష్టంగా పేరు ఉన్నా, అది నిజమైనదేనని నిర్ధారించడానికి ఏడేళ్లు పట్టింది. లోహ భాగాల మీది తుప్పును పరీక్షించి, సముద్రపు నీటిలో మునిగినదానికి సరిపోతుందని తేల్చారు. 2013లో అది 9 లక్షల పౌండ్లకు అమ్ముడైంది. మన పర్సుకు ధర లేదు. కానీ అడగాల్సిన ప్రశ్నలు అవే.

పర్సులో ఒక పావలా కూడా దొరికింది. బూడిదరంగు పొర కట్టి తోలుకు అతుక్కుపోయి ఉంది. ఉప్పునీరు తగిలిన వెండి మీద ఏర్పడే పొర అది. "విభూతి పెట్టి తోమితే తళతళలాడుతుంది సార్" అని టీచర్ గారు బొటనవేలు చాచారు. చేయి పట్టుకుని ఆపాను. మన ఇళ్లల్లో ఎన్ని పాత వస్తువుల చరిత్ర విభూతితో, చింతపండుతో కడిగేశామో తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. పొర కదపకుండా పక్క నుంచి వెలుతురు వేసి చూస్తే ఆరో జార్జి తల, 1940 అన్న అంకెలు కనిపించాయి. కాబట్టి ఈ పావలా పర్సులోకి చేరింది 1940కి ముందు కాదు.

బీగంచెవి

దీని మీద ఎక్కువ రోజులు కూర్చున్నాను, ఎక్కువ రాస్తాను కూడా.

రెండున్నర అంగుళాల ఇనుప బీగంచెవి. ట్రంకుపెట్టెలకు వేసే బీగాలది. పైకి చూస్తే తుప్పుపట్టిన మామూలు ఇనుపముక్క. బీగాలు బాగుచేసేవాళ్ల దగ్గర ఇట్లాంటివి గుప్పెడు దొరుకుతాయి. మైక్రోస్కోప్ కింద పెట్టి పది రెట్లు పెంచి చూసినప్పుడు మాత్రం రెండు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది, తాడు దూర్చే కన్నం లోపలి అంచున తుప్పులో నూలు పోగుల అచ్చు ఉంది. ఇనుము తుప్పుపడుతున్నప్పుడు దానికి తగులుకుని ఉన్న గుడ్డ గానీ దారం గానీ తుప్పులో ఇమిడిపోతుంది. అసలు నూలు కుళ్లిపోయినా దాని ఆకారం రాయిలా మిగులుతుంది. ఈ అచ్చులోని దారం ముతకది, ఎడమ పురి. ఇప్పుడు కట్టి ఉన్న మొలతాడు సన్నది, కుడి పురి. అంటే ఈ బీగంచెవికి ఇది మొదటి తాడు కాదు. ముందొక తాడుకు కట్టి ఉండగానే ఇది బాగా తడిసి, బాగా తుప్పుపట్టింది. ఆ తాడు పోయాక ఇంకొకటి కట్టారు.

రెండోది దీనికంటే నన్ను కదిలించింది. బీగంచెవి తల ఒకవైపు నునుపుగా ఉంది. తుప్పు గుంటల అంచులు అరిగి, గుండ్రంగా, నల్లగా, ఇంట్లో పాత రోకలి పిడిలా మెరుస్తున్నాయి. గుంటల అడుగున మాత్రం పాత తుప్పు గట్టిగా అట్లాగే ఉంది. రెండోవైపు అరుగుదల తక్కువ. ఒకే వైపు ఏళ్ల తరబడి దేనికో రాసుకుంటూ ఉంటే తప్ప ఇనుము ఇట్లా నునుపెక్కదు. వరుస కూడా తేలుతోంది. ముందు తుప్పు, తర్వాత అరుగుదల. పాడైపోయిన తర్వాతే దీన్ని ఎవరో ఒంటి మీద వేసుకుని చాలా ఏళ్లు తిరిగారు.

తుప్పుపట్టిన బీగంచెవిని, పెట్టె లేని బీగంచెవిని, మనిషి ఎందుకు మొలకు కట్టుకుని తిరుగుతాడు? ఆ ప్రశ్నకు మైక్రోస్కోప్ దగ్గర జవాబు ఉండదు. నేను నోట్‌బుక్‌లో "ముందు తుప్పు, తర్వాత అరుగుదల" అని మాత్రం రాసుకుని లైటు ఆపేశాను. ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

ఇక దీన్ని నిలబెట్టడం ఎట్లా అన్నది. ఇనుములో ఉప్పు ఉంటే గాలిలో తేమ పెరిగినప్పుడల్లా తుప్పు మళ్లీ మొదలవుతుంది. మనకు ఈశాన్య రుతుపవనాల కాలంలో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అది తప్పదు. ఉప్పు తీయడానికి సోడియం హైడ్రాక్సైడ్ నీళ్లలో నెలల తరబడి నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండే పద్ధతి ఉంది. అది చేయాలంటే మొలతాడు విప్పాలి. కన్నంలోని నూలు అచ్చు కూడా ఊడిపోవచ్చు. ముడి విప్పడం నాకు ఇష్టం లేదు. ఎవరి చేత్తో వేసిన ముడో అప్పటికి తెలియదు. అందుకని నానబెట్టకుండా, గాలి చొరని పెట్టెలో తేమ పీల్చే సిలికా జెల్ పెట్టి, పక్కన తేమ చూపించే కార్డు పెట్టే పద్ధతి ఎంచుకున్నాను. కార్డు రంగు మారితే సిలికా జెల్ వేడి చేసి ఆరబెట్టుకోవాలి. టీచర్ గారికి రెండుసార్లు చేయించి నేర్పించాను. పెద్ద మ్యూజియం చేసే పని కాదిది, ఇంట్లో నడిచే పని.

కాగితం

పర్సు లోపలి అరలో అగ్గిపెట్టె అంత కాగితపు మడత ఉంది. నాలుగు మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయి బిస్కెట్‌లా గట్టిపడింది. అంచున ఊదా రంగు మరకలు చూడగానే రాత దేనితోనో అర్థమైంది. పాతకాలపు కాపీయింగ్ పెన్సిల్. పొడిగా రాస్తే బూడిదరంగు, తడి తగిలితే ఊదా. దాని ముల్లులో గ్రాఫైటుతోపాటు నీళ్లలో కరిగే రంగు కలిపి ఉంటుంది. రైల్వే, పోస్టాఫీసు రసీదులు దాంతోనే రాసేవారు.

బూజు తుడవడానికి నేను మామూలుగా స్పిరిట్ వాడతాను. ఇక్కడ వాడితే ఆ రంగు మొత్తం కరిగి ఒకే మరక అయిపోయేది. నీళ్లూ పనికిరావు. మిగిలింది ఆవిరి ఒక్కటే. అది కూడా నీటిని ఆపి ఆవిరిని మాత్రం పోనిచ్చే గోర్‌టెక్స్ గుడ్డ చాటు నుంచి, ఒక్కోసారి ఇరవై నిమిషాలకు మించకుండా. కాస్త మెత్తబడగానే వెదురు పుల్లను చెంచాలా చెక్కి మడత కిందికి దూర్చి, వెంట్రుకవాసి కదిలించి, ఆపేసి, బ్లాటింగ్ పేపర్ పెట్టి, మర్నాటికి వాయిదా. పందొమ్మిది రోజులు పట్టింది. చివరి మడత విడిపోతుంటే పక్కనే ఉన్న మా అసిస్టెంట్ అమ్మాయి ఊపిరి బిగబట్టింది, గాలి తగిలితే ఎక్కడ ఎగిరిపోతుందోనని.

తెరిచాక చూస్తే కాగితం నిండా ఊదా రంగు పులుముకుపోయి ఉంది, అక్షరం లేదు. కానీ ఆ రంగు ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుకు అడ్డుపడదు, గ్రాఫైటు అడ్డుపడుతుంది. లోపలి ఫిల్టర్ తీయించిన కెమెరాతో ఫోటో తీస్తే ఊదా మరక మాయమై నల్లటి గీతలు తేలాయి. తెలుగు. గొలుసుకట్టు రాత. పైన ఒక మాట, "పెట్టెలో". దాని కింద ఒక్కో వరుసలో ఒక్కో వస్తువు.

ధోవతులు 4. తువ్వాళ్లు 2. కాళాస్త్రి దుప్పటి 1. చెంబు 1. స్వామి పటం 1. రాగిపిండి మూట 1. బెల్లం, వీశెలు 2. వక్కాకు సంచి 1. అక్క బిడ్డకు గజ్జెలు జత 1. ఊరగాయ జాడి 1. ఇంకా ఏడెనిమిది వరుసలు మడత నలిగి పోయాయి. పేరు లేదు, తేదీ లేదు, ఓడ పేరు లేదు.

ట్రంకుపెట్టెలో ఏమేం సర్దారో రాసుకున్న జాబితా అది. పెట్టెది బీగంచెవి, పెట్టెలోవి జాబితా. పెట్టె ఒక్కటే లేదు.

కాళాస్త్రి దుప్పటి అన్న దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. కరక్కాయ కలిపిన పాలలో ఊరిన నూలు గుడ్డ మీద, ఇనుపముక్కలు బెల్లపు నీళ్లలో పులియబెట్టిన నలుపుతో వెదురు కలం పట్టి గీసే పని అది. ఆ నలుపు గుడ్డను నెమ్మదిగా తింటుంది. పొడి చోట ఉన్నా వందేళ్లకు నల్లగీత వెంట గుడ్డ చిల్లులు పడటం నేను చూశాను. సముద్రం అడుగున అది ఏమై ఉంటుందో ఊహించలేని పని కాదు.

ఓడల ప్రయాణికుల వస్తువుల గురించి చదివేటప్పుడు పైకి తెచ్చినవే కళ్ల ముందుకొస్తాయి. 1545లో మునిగి 1982లో పైకి తీసిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో నావికుల సొంత పెట్టెలు, పేల దువ్వెనలు, ఆ దువ్వెనల పళ్ల మధ్య పేలు కూడా దొరికాయి. ఆ పెట్టెలను ఎవరో వెతికారు, కాబట్టి దొరికాయి. తిలావాలో 2,364 వెండి కడ్డీలు ఉన్నాయి, దక్షిణాఫ్రికా ప్రభుత్వం నాణేల కోసం కొన్నవి. 2017లో సుమారు రెండున్నర కిలోమీటర్ల లోతు నుంచి వాటిని పైకి తీశారు. అవి ఎవరివన్న గొడవ బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా పోయి 2024లో తీర్పు వచ్చింది. అంత లోతుకు పోయి ఒక్కో కడ్డీ లెక్కపెట్టి తెచ్చిన రోజుల్లో, అదే ఓడలో ఉన్న ట్రంకుపెట్టెల లెక్క ఇట్లా ఒకరి నడుముకు కట్టిన తోలు పర్సులో, ఊదా మరక కింద ఉంది.

టైటానిక్‌లో కూడా మన నేల మీద పుట్టిన పిల్ల ఒకతె ఉంది. రూత్ బెకర్. 1899లో గుంటూరులో పుట్టింది, తండ్రి అక్కడ లూథరన్ మిషనరీ. పన్నెండేళ్ల వయసులో తల్లితో, చెల్లెలితో, జబ్బుపడ్డ తమ్ముడితో అమెరికా వెళుతోంది. ఓడ మునిగే వేళ తల్లి ఆమెను గదికి వెనక్కి పంపి దుప్పట్లు తెమ్మంది. తెచ్చింది. తల్లీ పిల్లలూ ఒక పడవలో, రూత్ ఒక్కతే ఇంకో పడవలో పడ్డారు. ఆ దుప్పట్లు ఆమె పడవలో పలచని బట్టలతో వణుకుతున్న బాయిలర్ కూలీలకు కప్పడానికి పనికొచ్చాయి. ఆ దుప్పట్లు ఏ మ్యూజియంలోనూ లేవు. ఆమె చెప్పింది కాబట్టి మనకున్నాయి. జాబితా చదివాక నాకు గుర్తొచ్చింది ఆ దుప్పట్లే. అందుకే ఇంట్లోవాళ్లను సరిగ్గా అడగాలనుకున్నాను.

ఇంట్లో

టీచర్ గారి తల్లికి ఎనభై దాటింది. తాతకు కోడలు. 1950ల చివర్లో ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. తాత 1978లో పోయాడు. అంటే ఇరవై ఏళ్లు ఒకే ఇంట్లో. ఆమెను ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. "అమ్మకేం తెలుసు సార్, ఓడ సంగతంతా మా నాయనే చెప్పేవాడు" అన్నారు టీచర్ గారు.

బీగంచెవి అరుగుదల గురించి ఆయనకు గానీ ఆమెకు గానీ అప్పటికి చెప్పలేదు. ముందు చెబితే విన్నదే తిరిగి నాకు వస్తుంది. బీగంచెవి ఫోటో చూపించి, "పెద్దమ్మా, దీన్ని ఎక్కడైనా చూశారా?" అని మాత్రం అడిగాను.

కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఇది మా మామ మొల్తాడుకు ఉండేది కదా. నీళ్లు పోసుకొనేటప్పుడు చెంబుకు తగిలి టంగుమనేది. ఏడాదికోసారి తాడు మారుస్తా ఉండె, ఇది మాత్రం తీయనిచ్చేవాడు కాదు. పోయినప్పుడు తాడు తెంపితే మా అత్త దీన్ని ఎత్తి దాచిపెట్టింది."

"ఏ పెట్టెదని ఎప్పుడైనా చెప్పారా?"

"నేనడగలేదు నాయనా. మామను కోడలు అడగతాదా?"

వాచీ గురించి అడిగితే తనకు తెలియదంది. మొల్తాడు ఏ వైపుకు కట్టేవాడని అడిగితే తన కుడి నడుము మీద చేయి పెట్టి చూపించింది. ముడి ఎవరు వేసేవారంటే "అత్తే" అంది. విప్పకపోవడం మంచిదైంది.

వర్క్‌రూమ్‌లో ప్రతి కేసుకూ నేను రెండు నిలువు వరుసల కాగితం పెడతాను. ఎడమవైపు వస్తువు చెప్పేది, కుడివైపు ఇంట్లో చెప్పేది. రెంటినీ కలపను. ఒకటి పక్కదాన్ని బలపరిస్తే బాణం గుర్తు గీస్తాను, అంతే. ఈ కేసులో మూడు బాణాలు పడ్డాయి. ఏడాదికోసారి తాడు మార్చడం, తుప్పులో ఇంకో తాడు అచ్చు. ఇరవై ఏళ్లు ఒంటి మీద ఉండటం, తల ఒకవైపే అరగడం. తడిసిన ప్రయాణం, లోపలి మడతల్లో ఉప్పు. ఓడ పేరు మాత్రం కుడివైపే ఉండిపోయింది. 1940 పావలా దాన్ని కాదనడం లేదు, నిరూపించడమూ లేదు. టీచర్ గారికి అదే చెప్పాను. వాచీ రోజున పడ్డంత బాధ ఈసారి ఆయన ముఖంలో లేదు.

వస్తువులు తిరిగి ఇచ్చిన రోజున కాగితం అసలు ప్రతిని పాలిస్టర్ కవరులో, ఇన్‌ఫ్రారెడ్ ఫోటోను పెద్దది చేసి విడిగా తీసుకెళ్లాను. కవరు మీద ఎండ పడకూడదని, ఆ ఊదా రంగు వెలుతురుకు పోతుందని చెప్పి, గోడకు ఫోటోనే తగిలించమన్నాను. వాచీని కూడా శుభ్రం చేసి ఇచ్చాను. అది కూడా తాత వాచీయే, కొన్నది ఎప్పుడైనా.

పెద్దమ్మ జాబితా చదివి వినిపించమంది. మనవరాలు చదివింది. ఇంకోసారి చదవమంది. గజ్జెల దగ్గర, డర్బన్‌లో మామకు ఒక అక్క ఉండేదని, ఉత్తరాలు వస్తూ వస్తూ ఆగిపోయాయని చెప్పింది. ఊరగాయ జాడి దగ్గరకొచ్చేసరికి మనవరాలిని ఆపింది.

"నిమ్మకాయ ఊరగాయే అయ్యుంటాది. మామకు మామిడికాయ పడేది కాదు, ముట్టేవాడే కాదు."

కాగితం తీసి కుడివైపు వరుసలో రాసుకున్నాను: ఊరగాయ, నిమ్మకాయ. కోడలి మాట.